పందెం కారుకు ప్రార్థనా గీతం

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: వీధరుగు మీద నాయనమ్మ, వంటింట్లో పెసరట్లు పోస్తూ అమ్మ, వడ్డిస్తూ నాన్న, తింటూ కార్యదర్శి కోదండపాణి గారు, తినకుండా వాచీ చూసుకుంటూ ఇంజనీరు ఉమాపతి గారు, పక్కన అరటిగెలల షెడ్డులో కారు కింద దూరి మా వీరవేణి పిన్ని, ఆ కారు, కారు టాపు మీద గుడ్డు పెట్టడానికి చోటు చూసుకుంటూ మా నల్లపెట్ట, వీధి తలుపు వెనక నేను.

తలుపు వెనక ఎందుకంటే, ఇంటికి ఎవరొచ్చినా నేను ఉండేది అక్కడే. కొత్తవాళ్ళు నా మొహం చూస్తే నాకు మాట రాదు. పాతవాళ్ళు చూసినా అంతంత మాత్రమే. మా ఊరి హైస్కూల్లో పదో తరగతి అయ్యేదాకా వెనక బెంచీలోనే కూర్చున్నాను. ప్రార్థనలో కూడా వెనక వరసలో నిలబడి పాడాను. గొంతు బాగుందని టీచరు గారు ఒకసారి ముందు వరసలోకి పిలిస్తే నాకు ఆ వారమంతా జ్వరం కాసింది.

ఇక కారు సంగతి. పందెం కార్లు పట్నంలోనే తయారవ్వాలా, పల్లెల్లో ఎందుకు తయారు కాకూడదు అని పెద్దవాళ్ళెవరికో ఒకరోజు తోచింది. దాంతో ‘జిల్లా మిశ్రమశక్తి దీర్ఘపందెపు వాహన అభివృద్ధి మండలి’ పుట్టింది. మా షెడ్డు చల్లగా ఉంటుందనీ, మా అమ్మ పెసరట్లు బాగా పోస్తుందనీ ఆ మండలి మా ఇంటికొచ్చింది. మొదటి కారణం కాగితం మీద ఉంది. పేరు ఒక బోర్డులో పట్టకపోతే రెండు బోర్డులు రాయించి, ఒకటి మా షెడ్డుకీ ఇంకొకటి పక్కవాళ్ళ షెడ్డుకీ కొట్టారు. ‘వాహన అభివృద్ధి మండలి’ అన్న సగం పక్కవాళ్ళకి వచ్చింది కాబట్టి కారు తమదేనని వాళ్ళు ఈనాటికీ అంటారు.

కారు మాత్రం నిజంగా మంచి కారు. సగం పెట్రోలుతో, సగం బ్యాటరీతో నడుస్తుంది. బ్రేకు వేసినప్పుడు పోయే ఊపంతా కరెంటుగా మారి బ్యాటరీలో చేరుతుంది. మలుపు దాటాక ఆ కరెంటే మళ్ళీ కారును ముందుకు తోస్తుంది. ఉమాపతి గారు ఇది మా నాయనమ్మకి అరుగు మీద కూర్చుని వివరించారు.

"ఆపినప్పుడల్లా కరెంటు పుడతదా బాబూ?" అంది నాయనమ్మ.

"పుడుతుందమ్మా."

"అయితే ఆపుకుంటా కూచుంటే సరిపోద్ది కదా. మళ్ళీ నడపడం దేనికి?"

ఉమాపతి గారు నవ్వారు. కోదండపాణి గారు నవ్వలేదు. ఆలోచించారు.

ఆ కారు తిరగాల్సింది దీర్ఘపందెం. ఎవరు ముందు గీత దాటారని కాదు, పొద్దున్న మొదలెట్టి పొద్దుగూకేదాకా ఒకే బాటలో గుండ్రంగా తిరగాలి. మొదటి కారు తిరిగిన దూరంలో ముప్పావు వంతైనా తిరిగి, చివర జెండా ఊపేటప్పుడు గీత దాటితే పందెం పూర్తి చేసినట్టు. లేకపోతే లేనట్టే.

ఆ ‘పూర్తి చేయడం’ మా వీరవేణి పిన్నికి చాలా అవసరం. పిన్ని మా అమ్మ చెల్లెలు. అంతకుముందు అరటిగెలల వ్యాను వేసుకుని రావులపాలెం మార్కెట్టుకి వెళ్ళేది. గట్టు మీద ఎదురుగా బస్సు వస్తే, బస్సే ఆగేది. మండలి వాళ్ళు అది చూసి డ్రైవరుగా తీసుకున్నారు, తాత్కాలికంగా. ‘వాహనము ఒక్క పందెమైనను పూర్తి చేసిన పక్షమున డ్రైవరును ఖాయపరచవచ్చును’ అని రాసిచ్చారు. వ్యాను యజమాని ఈలోగా వేరే డ్రైవర్ని పెట్టుకున్నాడు. పిన్నికి మా ఇంట్లో ఉండటం ఇష్టమే గానీ, మా ఇంట్లోనే ఉండిపోవడం ఇష్టం లేదు. ఉద్యోగం ఖాయమైతే ఒక గది అద్దెకి తీసుకుంటానంది. "నా తలుపూ, నా తాళవూనే ప్రసూ" అనేది నాతో. ప్రసూన అంటే నేనే.

ఇంతకీ ఆ రోజు కారుకి ప్రారంభోత్సవం. అది లేకుండా కారు అంగుళం కదలడానికి వీల్లేదు. ఎందుకంటే అంతకు ముందేడు వేరే శాఖవాళ్ళు ఒక రోడ్డు రోలరు కొన్నారు. ముఖ్య అతిథి వచ్చేలోపు ఎవరో అడ్డంగా ఉందంటే దాన్ని కాస్త పక్కకి తీశారు. ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించేసరికి దాని వెనక రోలరు లేదు, అంతసేపూ రోలరు చాటున కట్టేసి ఉన్న గేదె ఉంది. ఆయన అలవాటుగా దానికే కొబ్బరికాయ కొట్టారు. పేపర్లో ఫొటో పడింది. అప్పటినుంచి ఉత్తర్వు: ‘ప్రజాధనముతో రూపొందిన ఏ వాహనమూ ప్రారంభోత్సవము జరగనిదే కదలరాదు.’

సభ మా గుమ్మం ముందే. మండలి అధ్యక్షులవారు వచ్చారు, శాలువా వచ్చింది, జ్ఞాపిక వచ్చింది. ప్రార్థన పాడవలసిన ఆవిడ పట్నం నుంచి రాలేదు.

"ప్రార్థన లేని సభ పునాది లేని భవనము వంటిది" అన్నారు కోదండపాణి గారు. "ఈ గృహమున గానము చేయగల వ్యక్తి ఎవరైనా కలరా?"

"మా ప్రసూ పాడుద్దండి" అంది నాయనమ్మ. "కానీ పైకి రాదు."

"పైకి రావలసిన పని లేదు. శబ్దము వచ్చిన చాలును."

తలుపు వెనకనుంచే పాడాను. మా బళ్ళో టీచరు గారు కట్టిన పాట, ‘చల్లగ చూడవే తల్లీ, మా దారిలో ముల్లు తీయవే తల్లీ’ అని. కళ్ళు మూసుకుని తలుపు గొళ్ళెం పట్టుకుని పాడాను. అయిపోయాక అధ్యక్షులవారు కళ్ళు తుడుచుకున్నారు.

"తలుపు చాటున గాయని! అశరీరవాణి వలె ఎంత హృద్యముగా నున్నది! కార్యదర్శి గారూ, ఇకపై ఇదే పద్ధతి."

ఆయన మెచ్చుకోలుగా అన్నారు. కోదండపాణి గారు ఉత్తర్వుగా విన్నారు. సాయంత్రానికల్లా ‘మండలి సభలయందు ప్రార్థన గానము చేయు వ్యక్తి విధిగా తలుపు వెనుక ఉండవలెను’ అని నియమం తయారైంది. మర్నాడు ఇద్దరు వడ్రంగులు వచ్చి మా వీధి తలుపు ఊడదీసి, దానికి కాళ్ళు బిగించి, మండలి వ్యాను ఎక్కించారు. వేరే తలుపు చేయించుకోండి బాబూ అని నాన్న బతిమాలాడు. "పూర్వ సంప్రదాయము ఈ తలుపుతో ఏర్పడినది" అన్నారు కోదండపాణి గారు.

మొదటి పందేనికి కారు, తలుపు, నేను, ముగ్గురం ఒకే వ్యానులో వెళ్ళాం.

పందెం బాట చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. నల్లటి రోడ్డు పాములా మెలికలు తిరిగి మళ్ళీ మొదటికే వస్తుంది. దాని పక్కన ప్రతి జట్టుకీ ఒక కొట్టు. పెట్రోలు పోసుకోవడానికీ టైర్లు మార్చుకోవడానికీ అందులోకి వస్తారు. దాన్ని పిట్ అంటారు. మిగతా పిట్‌లలో టైర్లూ జాకీలూ ఉన్నాయి. మా పిట్‌లో టైర్లూ జాకీలతో పాటు వేదిక, కుర్చీలు, పూలకుండీలు, దీపపు కుంది, తలుపు ఉన్నాయి. పక్క పిట్‌లో ఒకాయన తలుపు చుట్టూ తిరిగి చూసి, "ఇది గాలిని చీల్చడానికా?" అని ఉమాపతి గారిని మెల్లగా అడిగాడు. ఉమాపతి గారు ఆకాశంలోకి చూశారు.

పందెం పొద్దున్నే మొదలైంది. ఇంటి దగ్గర జరిగింది ఇంటి దగ్గరికే చెల్లుతుందని మళ్ళీ ప్రారంభోత్సవం పెట్టారు, దానికి మా అధ్యక్షులవారు ఎండెక్కాక వచ్చారు. సకాలంలో వస్తే అతిథి అంటారు గానీ ముఖ్య అతిథి అనరని కోదండపాణి గారు పక్క పిట్ ఆయనకి చెప్పారు. ప్రార్థన, జ్యోతి ప్రజ్వలన, శాలువా, కొబ్బరికాయ, రిబ్బను, అధ్యక్షోపన్యాసం, వందన సమర్పణ. అంతసేపూ పిన్ని హెల్మెట్ పెట్టుకుని కారులో కూర్చుని ఉంది. చివరికి కదిలింది.

కదిలాక చూడాలి! మా కారు ఒకదాని తర్వాత ఒకటి నాలుగు కార్లని దాటేసింది. ఉమాపతి గారు టోపీ గాల్లోకి విసిరారు. పెట్రోలు కోసం పిన్ని పిట్‌లోకి వచ్చి, పోయించుకుని, గేరు వేసింది.

కారు ముందు కోదండపాణి గారు చేతులు చాచి నిలబడ్డారు.

"సదరు వాహనము ఎచ్చటికి?"

"పందేనికండీ! ఎక్కడికంటారేంటండీ బాబూ, పక్కకి జరగండి!"

"ఆగినది కదిలిన, అది ప్రారంభమా, కాదా?"

"ప్రారంభమేనండి, కానీ..." అన్నారు ఉమాపతి గారు.

"ప్రారంభమైనప్పుడు ప్రారంభోత్సవము ఉండవలెనా, వద్దా?"

ఉమాపతి గారు టోపీ ఏరుకోవడానికి వెళ్ళారు. నేను తలుపు వెనక్కి వెళ్ళాను. రెండో ప్రారంభోత్సవం వందన సమర్పణలో కోదండపాణి గారు టెంటు వేసినవాళ్ళకి కృతజ్ఞతలు చెబుతుండగా, మిగతా కార్లు జెండా కింద దాటిపోయాయి. మండలి నివేదికలో ఇలా రాశారు: ‘ప్రథమ పందెము. వాహనము వందన సమర్పణ దశలో నిష్క్రమించినది. బ్యాటరీ ఆద్యంతము నిండుగా నుండుట విశేషము. ఇంత విద్యుత్తును పొదుపు చేసిన జట్టు మరొకటి లేదు.’

తర్వాత సమీక్ష జరిగింది, మా ఇంట్లోనే. వీధి తలుపు వ్యానులోనే ఉండిపోవడంతో నాయనమ్మ గుమ్మంలో కర్ర పట్టుకుని కూర్చుని కోళ్ళని అదిలిస్తోంది. నాకు దాక్కోవడానికి తలుపు లేక బీరువా పక్కన నిలబడ్డాను.

"ఈ నియమాన్ని కొంచెం సడలిస్తే..." అని ఉమాపతి గారు మొదలెట్టారు.

"వాహనము వేగమున లోపము లేదు" అన్నారు కోదండపాణి గారు. "సభ వేగమున లోపమున్నది. అభివృద్ధి పరచవలసినది సభను."

అలా మా ఊళ్ళో కారు అభివృద్ధి ఆగి సభ అభివృద్ధి మొదలైంది. శాలువా కప్పేవాళ్ళు ఇద్దరు మా కళ్ళంలో పరుగెత్తుకుంటూ వచ్చి మా నాన్నకి కప్పి వెళ్ళేవారు. రోజంతా కప్పించుకుని నాన్నకి ఆ ఎండలో చెమటకాయలు లేచాయి. రిబ్బన్లు ముందే సగం కత్తిరించి పెట్టారు. అధ్యక్షోపన్యాసం ‘సభకు నమస్కారము, అందరికీ తెలిసినదే, జయము’ దగ్గరికి వచ్చింది. కొబ్బరికాయ ఒక్క దెబ్బకి పగలాలని మా కోనసీమ కాయలన్నీ వాయించి చూసి ఏరారు. మిగిలినవాటితో అమ్మ పచ్చడి చేసింది. ఆ నెలంతా మండలి కొబ్బరి పచ్చడే తింది.

ప్రార్థన దగ్గర ఒక ఇబ్బంది వచ్చింది. ఒకరోజు రిహార్సల్ చూడటానికి ఊరంతా వచ్చింది. తలుపు దింపి కళ్ళంలో నిలబెట్టారు. అది మా గుమ్మంలో ఉన్నప్పుడు దానికి ఒకటే వెనక. కళ్ళంలో నిలబెడితే ఎటు చూసినా జనమే. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. పాట అయిపోతే కళ్ళు తెరవాలి కదా అని పాట అవ్వనివ్వలేదు. చరణం అయిపోతే పల్లవి, పల్లవి అయిపోతే చరణం. ప్రార్థన జరుగుతుండగా ఎవరూ కూర్చోకూడదు, చేతులు దించకూడదు. మండలి అంతా ఎండలో చేతులు జోడించి నిలబడిపోయింది.

"ఏవండీ, కారు సీట్లు ఎండకి కాలిపోతన్నాయి. కాస్త నీడలోకి తోసుకుంటానండీ" అంది పిన్ని.

"తోయుము" అన్నారు కోదండపాణి గారు పెదవులు కదపకుండా.

పిన్ని తోసేసి, తర్వాత అడిగింది. "ఇందాక కారు కదిలింది కదండీ. దానికి ప్రారంభోత్సవం అక్కర్లేదా మరి?"

"సభ నడుచుచుండగా జరిగిన కదలిక సభలో అంతర్భాగము. ప్రార్థన సాగుచున్నంతవరకు సభ సాగుచున్నట్లే. అది కొత్త ప్రారంభమెట్లగును?" అని ఆయన జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు.  ఆ సాయంత్రం పిన్ని నా చెయ్యి పట్టుకుని, "నీ గొంతు ఎంతసేపు ఆగుద్దే?" అని అడిగింది. వేణ్ణీళ్ళుంటే చాలాసేపు ఆగుద్ది అన్నాను.

రెండో పందేనికి సభ మెరుపులా జరిగింది. మొదటి ప్రారంభోత్సవానికి అధ్యక్షులవారు ముందురోజే వచ్చి పిట్‌లో పడుకున్నారు. కారు అందరితోపాటే కదిలింది. పిన్ని మూడో స్థానంలో నడుపుతూ పెట్రోలుకి వచ్చింది. శాలువా జట్టు పరుగెత్తింది. కొబ్బరికాయ ఒక్క దెబ్బకి పగిలింది. కోదండపాణి గారు కుంది వెలిగించారు.

ఒక పక్క కారులోకి పెట్రోలు పోస్తున్నారు, పక్కనే అయిదు వత్తులు వెలుగుతున్నాయి.

పందెం వాళ్ళ మంటలార్పే సిబ్బంది ఎక్కడెక్కడినుంచి వచ్చారో తెలీదు. తెల్లటి నురగ వచ్చి పడింది. కుంది మీద, కారు మీద, అధ్యక్షులవారి మీద, శాలువా మీద. నేను తలుపు వెనక ఉన్నాను కాబట్టి నా మీద పడలేదు.

"దీపము కొండెక్కినది" అన్నారు కోదండపాణి గారు నురగలోనుంచి. "అపశకునము. సభను ఆదినుంచి ఆరంభించవలెను."

"నురగ కొట్టి ఆర్పేరండి దాన్ని! కొండెక్కడవేంటండీ!" అని పిన్ని హెల్మెట్ తీసి స్టీరింగు మీద తల పెట్టుకుంది. వాళ్ళు దీపం వెలిగించడం, వీళ్ళు ఆర్పడం. పందెం అయ్యేదాకా అదే పందెం. నివేదిక: ‘ద్వితీయ పందెము. దీపములు అయిదు పర్యాయములు వెలిగింపబడినవి. ఇది జాతీయ స్థాయిలో ప్రథమము కావచ్చును.’

ఇంటికొచ్చాక అధ్యక్షులవారు కబురు పంపారు. మూడో పందెం కూడా పూర్తి కాకపోతే మండలిని మూసేస్తారు. కారుని మ్యూజియానికి ఇస్తారు. తాత్కాలిక సిబ్బంది సేవలు అంతటితో సరి. కోదండపాణి గారికి వేరే మండలి ఉంది. ఉమాపతి గారికి పట్నంలో ఉద్యోగం ఉంది. పిన్నికి వ్యాను కూడా లేదు. ఆ రాత్రి పిన్ని అన్నం తినలేదు. అమ్మ కోప్పడింది, నాన్న బుజ్జగించాడు. నేను బీరువా పక్కనుంచి చూస్తున్నాను. నాకూ ఏదైనా చెప్పాలని ఉంది గానీ ఇంట్లో దీపం చాలా వెలుగుగా ఉంది.

మూడో పందెం రోజు వ్యాను ఎక్కేముందు గొడవ జరిగింది. నాలుగు రోజుల కిందట నాన్న తలుపుని వ్యానులోంచి దింపి ఇంటికి బిగించాడు, వానలు పడుతున్నాయని. ఇప్పుడు వడ్రంగులు ఊడదీయడానికి వస్తే నాయనమ్మ గుమ్మానికి అడ్డంగా పడుకుంది.

"నా పెళ్ళినాటి తలుపిది. దీన్ని ఊరూరా తిప్పి ఊరేగించడానికి ఇదేవన్నా ఉత్సవ విగ్రహవా? ఇయ్యను. కావాలంటే నన్ను కూడా ఎత్తుకుపోండి."

కోదండపాణి గారు నియమాలన్నీ తిరగేశారు. గుమ్మానికి అడ్డంగా పడుకున్న నాయనమ్మని ఏం చేయాలో అందులో లేదు. తలుపు లేకుండానే బయల్దేరాం.

పందెం బాట దగ్గర అన్నీ సిద్ధంగా ఉన్నాయి. దీపం మాత్రం ఈసారి ఫొటోలోది. అధ్యక్షులవారు వేదిక మీద ఉన్నారు. మిగతా కార్లు వరసలో నిలబడ్డాయి. నన్ను ఎక్కడ నిలబెట్టాలో తెలీక కోదండపాణి గారు చెమటలు కక్కుతున్నారు.

"తలుపు లేదు. తలుపు లేనిదే గాయని లేదు. గాయని లేనిదే ప్రార్థన లేదు. ప్రార్థన లేనిదే..."

"ఇది తలుపు కాదాండీ?" అంది పిన్ని, కారు తలుపు తెరిచి చూపిస్తూ.

ఆయన దాన్ని చూశారు. తెరిచారు, మూశారు. మళ్ళీ తెరిచారు.

"నియమమున ‘తలుపు’ అని మాత్రమే కలదు" అన్నారు నెమ్మదిగా. "కలపతో చేసినదై ఉండవలెనని లేదు."

కారులో రెండో సీటు ఉంది. ఉమాపతి గారు ఒక్క సీటుకే గీశారు గానీ, పర్యవేక్షణ అధికారి ఎక్కడ కూర్చుంటారని అడిగి మండలి ఇంకోటి పెట్టించింది. ఇప్పటిదాకా దానిలో ఒక్క అధికారీ కూర్చోలేదు. పందెం రోజున అందరికీ సెలవు దొరికేది. పిన్ని ఆ సీటులోకి చూపించింది.

"ఎక్కవే ప్రసూ."

"నేనా? ఇంత మందిలోనా?"

"ఎవరు కనపడతారే లోపల? హెల్మెట్టు పెట్టుకుంటే నీ మొహం నీకే కనపడదు. ఎక్కి పాట మొదలెట్టు. నేను చెప్పేదాకా ఆపకు. చెప్పను కూడా."

అప్పుడు అర్థమైంది నాకు. పాట ఆగకపోతే సభ ఆగదు, కారూ ఆగక్కర్లేదు. పిన్ని నన్ను తొందరపెట్టలేదు. హెల్మెట్ చేతిలో పెట్టుకుని అలా చూసింది, అంతే. ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు ఎలా చూసిందో అలాగే. ఎక్కాను.

పందెం పెద్దలు ఒకాయన వచ్చి, "ఈ అమ్మాయేనా పర్యవేక్షణ అధికారి?" అని అడిగాడు. కోదండపాణి గారు అబద్ధం ఆడరు. "ఆ సీటు బాధ్యతలలో ఉన్నారు" అన్నారు. పిట్‌తో మాట్లాడుకోవడానికి హెల్మెట్‌లో చిన్న మైకు ఉంటుంది. ప్రార్థన సభాసదులకి వినపడాలి కాబట్టి దాన్ని లౌడ్‌స్పీకర్లకి కలిపారు. వేదిక మీద అందరూ లేచి చేతులు జోడించారు. నేను మొదలెట్టాను. చల్లగ చూడవే తల్లీ.

అధ్యక్షులవారు ఆ జోడించిన చేతులతోనే ఎత్తి కొడితే కొబ్బరికాయ పగిలింది. రిబ్బను తెగింది. పందెం జెండా ఊగింది. పిన్ని గేరు వేసింది.

"ఆగుము! ప్రార్థన ఇంకనూ..." అని కోదండపాణి గారి గొంతు వినిపించింది.

"అంతర్భాగవండీ!" అని పిన్ని అరిచింది. వెళ్ళిపోయాం.

మొదటి మలుపులో నా పాట గొంతులోంచి కడుపులోకి జారిపోయింది. రెండో మలుపులో తిరిగొచ్చింది. బయట నుంచి చూస్తే కారు తిరుగుతున్నట్టుంటుంది గానీ, లోపల ఉంటే భూమి తిరుగుతుంది. కానీ ఒక్క సంగతి నిజం. నన్ను ఎవరూ చూడటం లేదు. చూసేలోపు మేం అక్కడ లేం. అంత నిశ్చింతగా నేనెప్పుడూ పాడలేదు.

పెట్రోలుకి పిట్‌లోకి వచ్చాం. ఉమాపతి గారు పరుగున వచ్చి పోయించారు, టైర్లు మార్పించారు. కోదండపాణి గారు వేదిక మీదనుంచి కదల్లేదు. కదలలేరు. ప్రార్థన నడుస్తోంది. అధ్యక్షులవారు, సభ్యులు, శాలువా జట్టు, అందరూ చేతులు జోడించి నిలబడి ఉన్నారు. మేం కదిలితే అడ్డం రావలసిన ఆ రెండు చేతులూ నమస్కారంలో ఉన్నాయి. పిన్ని ఆయనకి నవ్వుతూ నమస్కారం పెట్టి పోనిచ్చింది.

పల్లవి, చరణం ఎన్నిసార్లు తిప్పినా పొద్దు మిగిలే ఉంది. పాట అయిపోతే సభ అయిపోతుంది. అందుకని అదే వరసలో తోచిందల్లా పాడాను. గోదావరి లంకలన్నీ పాడాను. అరటిలో రకాలన్నీ పాడాను, చక్కరకేళి నుంచి కర్పూరం దాకా. అవీ అయిపోయాక మా ఇంట్లో జరిగింది పాడాను. పెసరట్టులో అల్లం తక్కువైందని కార్యదర్శి గారు అలిగిన రోజు చల్లగ చూడవే తల్లీ. శాలువాలు కప్పి కప్పి నాన్న వీపున లేచిన చెమటకాయలు తీయవే తల్లీ. తలుపు పోయిన గుమ్మంలో నాయనమ్మ కర్ర పట్టిన వైనం చూడవే తల్లీ. గేదెకి కొట్టిన కొబ్బరికాయ కూడా పాడాను. అదంతా లౌడ్‌స్పీకర్లలో బాటంతా వినపడుతోందని నాకు గుర్తు లేదు. జనం చప్పట్లతో తాళం వేస్తున్నారని తర్వాత తెలిసింది. ‘చల్లగ చూడవే’ దగ్గరికి వచ్చేసరికి పక్క పిట్ వాళ్ళు కూడా అందుకునేవారట.

"వాడుతున్నాం! బ్యాటరీ వాడుతున్నాం!" అని ఉమాపతి గారు ఒక చుట్టులో చెవిలో అరిచారు. అన్ని పందేల్లోనూ మొదటిసారి మా బ్యాటరీ ఖాళీ అవడం, నిండడం, మళ్ళీ ఖాళీ అవడం జరిగింది. ఆయన ఏడుస్తున్నారని గొంతుని బట్టి తెలిసింది. నేను దాన్ని కూడా పాటలో కలిపాను.

పొద్దు వాలేసరికి నా గొంతు దారప్పోగు అంత అయింది. ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు గొట్టంతో తాగుతూ, తాగేటప్పుడు ముక్కుతో రాగం తీశాను. చివరి మలుపు తిరిగాం. ఎదురుగా నల్లా తెల్లా గళ్ళ జెండా.  జెండా కింద దాటాక పిన్ని, కన్నీళ్ళొచ్చినప్పుడల్లా మా అమ్మ అన్నట్టే, "కంట్లో ఏదో పడింది" అంది, హెల్మెట్ అద్దం మూసే ఉండగా.

ఇద్దరి బరువు మోసింది కాబట్టి అన్ని కార్లకంటే మాది ఆఖరు. కానీ దూరం సరిపోయింది. పందెం పెద్దలు ‘పూర్తి చేసెను’ అని ప్రకటించారు.

పిట్‌లోకి వచ్చి ఆగాం. అధ్యక్షులవారు ఇంకా వేదిక మీద చేతులు జోడించి నిలబడే ఉన్నారు.  ఉమాపతి గారు పిన్ని ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆయన ముందు పట్టుకున్నారు. చేతులు విడదీయడానికి వీల్లేదు కాబట్టి, జోడించిన అరచేతుల మధ్య పెన్ను దూర్చారు. అధ్యక్షులవారు ఒళ్ళంతా ఊపుతూ సంతకం పెట్టారు. సంతకం కంటే సముద్రంలా వచ్చింది గానీ చెల్లుతుందని కోదండపాణి గారు అన్నారు. ఉమాపతి గారు ఆ కాగితం తెచ్చి కిటికీలోంచి పిన్ని ఒళ్ళో పెట్టారు. పిన్ని దాన్ని మడత పెట్టి, తాళంచెవి దాచుకున్నట్టు దాచుకుంది.

నేను హెల్మెట్ తీశాను. బయట బోలెడంత మంది ఉన్నారు. అందరూ నావైపే చూస్తున్నారు. విచిత్రం, నాకు జ్వరం రాలేదు. చివరి ‘తల్లీ’ని సాగదీస్తూ నా వైపు తలుపు తెరిచి, ఒక కాలు కింద పెట్టాను. ఇక ఆపుదామనుకున్నాను.

"ఆపమ్మా, తల్లీ, ఆపు" అన్నారు అధ్యక్షులవారు. వేదిక దిగి, చేతులు జోడించుకునే, తూలుతూ కారు దగ్గరికి వచ్చారు.

"చిత్తము. అయితే మనవి ఒకటి" అన్నారు వెనకాలే కోదండపాణి గారు. "పాట ఆగిన సభ ముగియును. సభ ముగిసిన, ఈ వాహనము ఇల్లు చేరుటకు మరల ప్రారంభోత్సవము అవసరము. తమరే ముఖ్య అతిథి."

అధ్యక్షులవారు బయటికి పోయే గేటు వైపు చూశారు. 

"పాడుతూనే వెళ్ళిపోతే?"

"సభ వాహనముతో పాటే వెళ్ళును."

"మరి మనము?"

"హెల్మెటుతో పాటు మైకు తొలగినది. వినపడని ప్రార్థనకు నిలబడవలెనన్న నియమము లేదు. వాహనము ఆ గేటు దాటిన, మనము కూర్చొనవచ్చును."

ఆ మాట పూర్తయిందో లేదో, అధ్యక్షులవారు మోకాలితో నా కాలుని లోపలికి నెట్టి, జోడించిన చేతులు విడదీయకుండానే, మోచేత్తో నా మీద తలుపు వేసేశారు.